పందెం సైకిలుదా? సూదిమందుదా?

ఫ్రాన్సులో జులై నెల వచ్చిందంటే పల్లెలకు తీర్థం వచ్చినట్లే. 'టూర్ డి ఫ్రాన్స్' అనే సైకిలు పందెం ఊళ్ల మధ్య నుంచి, చేల గట్ల పక్క నుంచి సాగిపోతుంది. మూడు వారాలు. మూడు వేల కిలోమీటర్లకు పైగా దూరం. దారిపొడవునా టికెట్టు లేదు, గేటు లేదు. పొద్దున్నే రైతులు, దుకాణాల వాళ్లు, ముసలీ ముతకా, పిల్లాజెల్లా తినుబండారాలు మూట కట్టుకుని రోడ్డు పక్క కుర్చీలు వేసుకుంటారు. ముందుగా కంపెనీల ప్రచారం బళ్లు టోపీలూ మిఠాయిలూ విసురుతూ వెళతాయి. గంటలకొద్దీ కాచుకున్నాక పందెగాళ్ల గుంపు రివ్వుమని దాటిపోతుంది. ఆ నిమిషం కోసమే ఏడాదంతా ఎదురుచూపు.

1998లో ఆ తీర్థంలోనే గుట్టు రట్టయింది.

కారు నిండా సరుకు

ఆ ఏడాది జులై 8 తెల్లవారుజామున బెల్జియం నుంచి ఫ్రాన్సులోకి వస్తున్న ఒక కారును సుంకం అధికారులు ఆపారు. కారు మీద 'ఫెస్టినా' జట్టు రంగులున్నాయి. ఫెస్టినా అంటే చేతి గడియారాల కంపెనీ. దాని డబ్బుతో నడిచే సైకిలు జట్టు అప్పట్లో లోకంలోకెల్లా మేటి జట్లలో ఒకటి. కారు నడుపుతున్నవాడు విలీ వోట్. ఆటగాళ్లకు ఒళ్లు పట్టడం, వాళ్ల బాగోగులు చూడటం అతని పని.

సోదా చేస్తే నాలుగు వందలకు పైగా మందు బుడ్లు, గుళికలు బయటపడ్డాయి. రక్తం పెంచేవి, కండ పెంచేవి, నిద్ర చెడగొట్టి హుషారెక్కించేవి. అన్నీ తన సొంతానికేనని వోట్ మొదట బుకాయించాడు. ఒక్క మనిషికి అన్ని మందులా అని పోలీసులకు అనుమానం వచ్చింది. రెండు వారాలకు పైగా జైల్లో ఉన్నాడు. అసలు సంగతి చెప్పక తప్పలేదు.

రోగుల మందు పందేనికి

ఆ సరుకులో ముఖ్యమైనది 'ఇపిఓ'. ఇది మనందరి ఒంట్లోనూ మూత్రపిండాలు తయారుచేసే పదార్థమే. రక్తంలో ఎర్రకణాలు పుట్టించమని ఎముకల్లోని మూలుగకు ఇది కబురు పంపుతుంది. మూత్రపిండాలు చెడిపోతే ఆ కబురు ఆగిపోతుంది, మనిషి పాలిపోతాడు. అందుకే 1980ల చివర్లో దీన్ని మందుగా తెచ్చారు. ఉద్దానం పల్లెల్లో డయాలసిస్‌కు తిరిగే వాళ్లున్న ఇళ్లకు ఈ సూది కొత్తది కాదు.

రోగికి ప్రాణం పోసే ఆ సూదిని పందెగాడు పొడిపించుకుంటే ఎర్రకణాలు పెరుగుతాయి. కండకు ప్రాణవాయువు ఎక్కువ అందుతుంది. కొండ ఎక్కినా ఆయాసం తగ్గుతుంది. కాని రక్తం చిక్కబడుతుంది. ఒండ్రు మేటవేసిన కాలువలో నీరు సాగనట్లే, చిక్కబడిన రక్తం గుండెకు బరువవుతుంది. గడ్డకడితే ప్రాణానికే ముప్పు.

ఆ రోజుల్లో ఈ మందును పట్టే పరీక్ష లేదు. అందుచేత 1997లో అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం ఒక హద్దు గీసింది. రక్తంలో ఎర్రకణాల పాలు నూటికి 50 దాటితే ఆటగాణ్ణి పందెం నుంచి కొన్నాళ్లు పక్కన పెడతారు. ఇంకేం? 49 దాకా ఎక్కించుకున్న వాణ్ణి అడిగే నాథుడు లేడు. దొంగతనం మానమని కాక, ఇంతకు మించి దొంగిలించవద్దని చెప్పినట్లయింది.

ఎవరి ఏడుపు వారిది

తర్వాత జట్టు అధిపతి బ్రూనో రూసెల్ నోరు విప్పాడు. మందుల సంగతి ఎవరో ఒకరి చాటుమాటు పని కాదు. జట్టులో అందరికీ తెలిసి, ఆటగాళ్ల డబ్బులోంచే తలా ఇంత చీటీ కట్టినట్లు పోగుచేసి, వైద్యుడి కనుసన్నల్లో నడిపిన వ్యవహారం. జులై 17 రాత్రి ఫెస్టినా జట్టును పందెం నుంచి వెళ్లగొట్టారు.

ఆ జట్టు నాయకుడు రిషార్ విరెంక్ అంటే ఫ్రాన్సు జనానికి ప్రాణం. కొండదారుల్లో ఒంటరిగా దూసుకెళ్లే మొనగాడు. మర్నాడు ఒక చిన్న కాఫీ హోటల్లో పత్రికల వాళ్ల ముందు అతను భోరున ఏడ్చాడు. తానే పాపమూ ఎరగనన్నాడు. జనం సగం నమ్మారు, సగం నమ్మలేదు. తోటి ఆటగాళ్లు ఒక్కొక్కరే ఒప్పుకున్నా అతను మాత్రం రెండేళ్లకు పైగా ఆ మాట మీదే నిలబడ్డాడు.

పోలీసులు మిగతా జట్ల గదులూ సోదా చేశారు. ఇక్కడే తమాషా జరిగింది. ఆటగాళ్లకు మందుల మీద కోపం రాలేదు, సోదాల మీద వచ్చింది. తమను దొంగల్లా చూస్తున్నారంటూ జులై 29న నడిరోడ్డు మీద చతికిలబడ్డారు. చొక్కాల మీది నంబర్లు పీకేశారు. చివరకు నెమ్మదిగా తొక్కుకుంటూ గమ్యం చేరారు. ఆనాటి పందెం లెక్కలోకి రాలేదు. పొద్దుటి నుంచి ఎండలో కాచుకున్న జనానికి మిగిలింది ఆ ఊరేగింపే. కొన్ని జట్లు అలిగి ఇంటిదారి పట్టాయి. 189 మందితో మొదలైన పందెంలో పారిస్ చేరింది 96 మందే.

ఆ ఏడు గెలిచిన ఇటలీ వీరుడు మార్కో పంతానీ మర్యాద నిలిపాడని చాలామంది మెచ్చుకున్నారు. ఆ మెప్పూ నిలవలేదు. అప్పటి నమూనాలను తర్వాత మళ్లీ పరీక్షిస్తే అతని దాంట్లోనూ, రెండో స్థానం పొందిన జర్మనీ ఆటగాడు ఉల్రిక్ దాంట్లోనూ ఇపిఓ ఉన్నట్లు 2013లో ఫ్రాన్సు సెనేట్ నివేదిక బయటపెట్టింది. అప్పటికి పంతానీ లేడు. 2004లో 34 ఏళ్లకే చనిపోయాడు.

నిజం చెప్పినవాడు ఒంటరి

ఇంత బురదలోనూ ఒక మనిషికి మరక అంటలేదు. ఫెస్టినా జట్టులోనే క్రిస్టఫ్ బసాన్స్ అనే కుర్రాడు సూది ముట్టలేదు. ఈ మాట అన్నది అతను కాదు, పోలీసుల ముందు అతని జట్టువాళ్లే చెప్పారు.

అలాంటివాణ్ణి నెత్తిన పెట్టుకోవాలి. జరిగింది వేరు. 1999లో వేరే జట్టు తరఫున టూర్‌కు వచ్చిన బసాన్స్ ఒక పత్రికలో రోజూ రాస్తూ, ఇంత వేగం మామూలు మనిషికి సాధ్యమా అని అడిగాడు. తోటివాళ్లు మాటలు మానేశారు. సొంత జట్టువాళ్లూ దూరం జరిగారు. పసుపు చొక్కా తొడుక్కున్న అమెరికా ఆటగాడు లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ పందెం నడుస్తుండగానే పక్కకు వచ్చి, ఇలాంటి మాటలు ఆటకు చేటనీ, ఇంటికి పొమ్మనీ చెప్పాడు. కులవెలి వేసినట్లయింది. జులై 16న బసాన్స్ పెట్టె సర్దుకుని వెళ్లిపోయాడు. రెండేళ్లకు ఆ బతుకుతెరువే వదిలేశాడు.

శిక్ష ఎవరికి?

2000 అక్టోబరులో లిల్ పట్టణంలో కోర్టు విచారణ జరిగింది. విరెంక్ బోనులో నిలబడి మందు వాడానని ఎట్టకేలకు ఒప్పుకున్నాడు. కోర్టు అతన్ని విడిచిపెట్టింది. రూసెల్‌కు, వోట్‌కు జరిమానాలు, అమలు నిలిపిన జైలుశిక్షలు పడ్డాయి. సైక్లింగ్ సంఘం వేసిన నిషేధం తీరాక విరెంక్ మళ్లీ సైకిలెక్కాడు. రోడ్డు పక్క జనం మళ్లీ అతని పేరే జపించారు. మందులు మోసిన వోట్‌ను మాత్రం సైకిలు లోకం మళ్లీ గడప తొక్కనివ్వలేదు.

ఒక మేలు మాత్రం జరిగింది. ఫ్రాన్సు 1999లో కొత్త చట్టం చేసింది. అదే ఏడాది అన్ని దేశాలకూ కలిపి ప్రపంచ మాదకద్రవ్య నిరోధక సంస్థ పుట్టింది. 2000 నుంచి ఇపిఓను పట్టే పరీక్ష అమల్లోకి వచ్చింది.

బసాన్స్‌ను ఇంటికి పొమ్మన్న ఆర్మ్‌స్ట్రాంగ్ వరసగా ఏడు టూర్లు గెలిచాడు. 2012లో ఆ ఏడు బిరుదులూ ఊడబెరికారు. మరుసటి ఏడాది జనవరిలో టీవీలో తప్పు ఒప్పుకున్నాడు. ఆ బిరుదులను మరొకరికి ఇవ్వలేదు. ఇవ్వాలంటే వెనకాల ఉన్నవాళ్లలోనూ ఎందరో మందు మనుషులే. విజేతల పట్టికలో 1999 నుంచి 2005 దాకా ఆ గడులు ఖాళీ.

ఇప్పటికీ జులైలో ఆ పల్లెల వాళ్లు రోడ్డు పక్క కుర్చీలు వేసుకుంటూనే ఉన్నారు. చప్పట్లు కొడుతూనే ఉన్నారు. కాని ఎవడైనా కొండను మరీ అవలీలగా ఎక్కేస్తుంటే, కొట్టే చేయి ఒక్క క్షణం ఆగుతుంది. కష్టపడి నిజంగా ఎక్కినవాడికి కూడా ఆ అనుమానం తప్పడం లేదు. దొంగలు వదిలిపోయిన అప్పు దొరలు కడుతున్నారు.