మీకు తెలుసా? మైగ్రేన్‌కు హోమియో మాత్రలు

మాదాపూర్ నుంచి గచ్చిబౌలి దాకా రాత్రి షిఫ్టులు చేసేవారికి పార్శ్వపు నొప్పి పట్టుకుంటే, ‘సైడ్ ఎఫెక్టులు ఉండవు, హోమియో వాడి చూడు’ అన్న సలహా తరచూ ఇంట్లోనే మొదలవుతుంది. వాడే ముందు ఈ సంగతులు తెలుసుకోండి.

◆ మైగ్రేన్ ఉత్త తలనొప్పి కాదు, మెదడుకు సంబంధించిన జబ్బు. మందు వేసుకోకపోతే ఒకసారి వచ్చిన నొప్పి 4 నుంచి 72 గంటల దాకా వేధిస్తుంది. మగవారి కంటే ఆడవారిలో రెండు మూడు రెట్లు ఎక్కువ.

◆ జర్మన్ వైద్యుడు శామ్యూల్ హానిమన్ 1796లో హోమియో సూత్రాన్ని ప్రకటించారు. తెలుగునాట అది బాగా పాతుకుంది. గుడివాడలోనూ, హైదరాబాద్ రామంతాపూర్‌లోనూ ప్రభుత్వ హోమియో వైద్య కళాశాలలున్నాయి.

◆ మైగ్రేన్‌కు ఇచ్చే హోమియో మందుల్లో ‘నేట్రమ్ మూర్’ ఒకటి. అది మనం కూరలో వేసే ఉప్పే. సీసా మీద ‘30సి’ అని ఉంటే, ఒక వంతు మందును 99 వంతుల ద్రవంలో కలిపి, అందులో ఒక వంతును మళ్లీ 99 వంతుల్లో కలుపుతూ 30 సార్లు పలచన చేశారని అర్థం. 12 సార్లు దాటేసరికే అసలు పదార్థం ఒక్క అణువైనా మిగలడం అనుమానమే.

◆ 1997లో లండన్ వైద్యులు మైగ్రేన్ రోగుల్లో కొందరికి హోమియో మందు, కొందరికి మందు లేని మాత్రలు ఇచ్చి నాలుగు నెలలు గమనించారు. నొప్పి వచ్చే తరచుదనం మొదటి వారిలో 19 శాతం, రెండో వారిలో 16 శాతం తగ్గింది. చెప్పుకోదగ్గ తేడా లేదు.

◆ మరి కొందరికి గుణం ఎందుకు కనిపిస్తుంది? మైగ్రేన్ కొన్నాళ్లు విజృంభించి, కొన్నాళ్లు తనంతట తానే నెమ్మదిస్తుంది. బాధ ముదిరినప్పుడే మనం మందు మొదలుపెడతాం. ఆ తర్వాత వచ్చే ఊరట మందు ఖాతాలో పడుతుంది.

◆ నొప్పి మాత్రలు మితిమీరినా ముప్పే. మామూలు నొప్పి మాత్రలు నెలకు 15 రోజులు, మైగ్రేన్‌కే ఇచ్చే ట్రిప్టాన్ మాత్రలు 10 రోజులు లేదా అంతకు మించి మూడు నెలలు దాటి వాడితే ఆ మాత్రలే తలనొప్పి తెచ్చిపెడతాయి.

◆ నొప్పి మొదలవగానే వేసుకునే ట్రిప్టాన్లు, రాకుండా ఆపే మందులు పరీక్షలకు నిలిచినవే. గుండెజబ్బు ఉన్నవారికి ట్రిప్టాన్లు పడవు కనుక డాక్టరును అడిగే వాడాలి. షిఫ్టు ఏదైనా నిద్రకు, భోజనానికి ఒక వేళ పెట్టుకోండి. నొప్పి వచ్చిన రోజులను రాసి పెట్టుకుని న్యూరాలజిస్టుకు చూపించండి.

◆ తలనొప్పి ఒక్కసారిగా పిడుగులా వచ్చినా, మాట తడబడినా, చెయ్యి కాలు పట్టు తప్పినా, జ్వరంతో మెడ బిగుసుకున్నా మైగ్రేనే అనుకుని మాత్రలతో సరిపెట్టుకోవద్దు. ఏ వేళైనా సరే, ఆ క్షణమే ఎమర్జెన్సీకి వెళ్లండి.