పాత లాంచీకి కొత్త అంతస్తు

అరకు వెళ్లేవాళ్లకు రైలుంది, ఘాట్ రోడ్డుంది. అవే తూర్పు కనుమలు నైరుతికి సాగి, గోదావరిని రెండు పక్కలా ఇరికించే పాపికొండల దగ్గర మాత్రం చాలాకాలం లాంచీయే దారి. పర్యాటకులకు అది ఒక్కరోజు విహారం. ఒడ్డున ఉన్న కొండరెడ్లకు, కోయలకు సంతకూ ఆసుపత్రికీ మోసుకెళ్లే బస్సు. 1973లో వచ్చిన ‘అందాల రాముడు’, 2006లో వచ్చిన ‘గోదావరి’ ఈ నది మీది లాంచీ ప్రయాణాన్ని తెలుగువాళ్లందరికీ ఇష్టమైన బొమ్మగా మిగిల్చాయి. ఆ బొమ్మకు తగ్గట్టే పాత లాంచీలను కొని, అడుగురేకులు మార్చి, కొత్త ఇంజిను బిగించి, పైన ఇంకో డెక్కు వేసి, ఏసీ గది కట్టి, రంగులద్ది నీటిలోకి దించే పద్ధతి పుట్టింది. పాతదాన్ని బాగు చేసుకోవడంలో తప్పేమీ లేదు. ఉక్కు శరీరం సరిగ్గా చూసుకుంటే దశాబ్దాలు పనికొస్తుంది, దాన్ని తుక్కుకు అమ్మడం దండగ. కానీ ఈ ‘ఆధునికీకరణ’లో చేర్చేవన్నీ దాదాపుగా పైకే వెళ్తాయి. కట్టినవాడు మొదట్లో ఇచ్చిన నిలకడను ఒక్కో సౌకర్యం కొంచెం కొంచెంగా తినేస్తుంది. ఎంత తిన్నదో కొలవకుండా లాంచీని బాగుచేశామనడం సగం పనిని పూర్తయిందనడమే.

ముందు అడుగు సంగతి. నదినీరు సముద్రపు నీరంత తొందరగా ఉక్కును కొరకదు కాబట్టి యజమానులకు ఒక ధీమా ఉంటుంది. అసలు తుప్పు బయటినుంచి కంటే లోపలినుంచి ఎక్కువ వస్తుంది. ఇంజిను కింద డీజిలు, గ్రీజు కలిసిన మురికినీరు నెలల తరబడి నిలవుండే చోట రేకు పలచబడుతుంది, పైన రంగు మాత్రం నిగనిగలాడుతుంది. సుత్తితో కొట్టి చప్పుడు వినడం పాత పద్ధతి, అనుభవమున్న చెవికి అది ఇప్పటికీ పనికొస్తుంది. అల్ట్రాసోనిక్ గేజి పెడితే రేకు ఎక్కడ ఎన్ని మిల్లీమీటర్లు మిగిలిందో అంకెల్లో తేలుతుంది. పలచబడిన రేకును కోసి తీసి కొత్తది వేయడం ఖరీదైన పని. దాని మీదే ఇంకో రేకు అతికించడం చవక. ఆ అతుకు కింద తుప్పు కనపడకుండా పెరుగుతూనే ఉంటుంది, పైగా లాంచీకి లెక్కలో లేని బరువు చేరుతుంది. తుప్పును ఆపడానికి బయట బిగించే లోహపు దిమ్మల్లోనూ మెలిక ఉంది. ఉప్పునీటిలో జింకు బాగా పనిచేస్తుంది, మంచినీటిలో మెగ్నీషియం కావాలి. సముద్రపు బోట్లకు వాడేవే తెచ్చి నది లాంచీకి బిగిస్తే అలంకారంగా మిగులుతాయి. గోదావరి ముఖద్వారంలో కోరంగి 1839 తుఫానుకు ముందు ఓడల నిర్మాణానికీ మరమ్మతుకూ పేరున్న రేవు. ఆ చుట్టుపక్కల తాళ్లరేవులో పడవలు కట్టే పనితనం ఇంకా ఉంది. అంటే చేతులకు కొరత లేదు, కొరత కొలతలకే.

ఆ కొలతలో పెద్దది నిలకడ. పడవ ఒక పక్కకు ఒరిగినప్పుడు, ఒరిగిన వైపు నీరు దాన్ని పైకి నెట్టి తిరిగి నిలబెడుతుంది. పడవ బరువు కిందికి ఉన్నంతసేపు ఆ నెట్టుడు గెలుస్తుంది. బరువు పైకి జరిగేకొద్దీ దాని బలం తగ్గుతుంది, ఒక హద్దు దాటాక నీరే పడవను బోల్తా కొట్టిస్తుంది. లెక్క కోసం 30 టన్నుల లాంచీ ఒకటి అనుకుందాం. మనిషి సగటు బరువు 75 కిలోలని అంతర్జాతీయ నౌకా నియమాల్లో పట్టే లెక్క, ఆ ప్రకారం 60 మంది 4.5 టన్నులు. వాళ్లంతా కింది డెక్కు నుంచి రెండున్నర మీటర్ల ఎత్తులో ఉన్న పై డెక్కుకు ఎక్కితే లాంచీ మొత్తం గురుత్వ కేంద్రం దాదాపు 33 సెంటీమీటర్లు పైకి లేస్తుంది. అంటే అడుగుకు మించి. చిన్న పడవకు ఉండే నిలకడ మిగులుతో పోలిస్తే అది చిల్లర కాదు. మరుగుదొడ్ల కోసం పైకప్పు మీద వెయ్యి లీటర్ల ట్యాంకు పెడితే నెత్తిన టన్ను బరువు పెట్టినట్టే. ట్యాంకు సగం నిండి ఉంటే నీరు ఒరిగిన వైపుకే పరుగెత్తి చేటు పెంచుతుంది. ఇంకో సంగతి చాలామంది ఊహించరు. బరువైన పాత ఇంజిను తీసేసి తేలికపాటి కొత్తది పెట్టడం మంచి పనే, డీజిలూ ఆదా. కానీ ఆ పాత ఇనుప దిమ్మ అన్నాళ్లూ అడుగున కూర్చుని లాంచీని నిలబెడుతూ వచ్చింది. దాన్ని తీసినచోట తగినంత బరువు తిరిగి పెట్టకపోతే పైన ఏమీ కట్టకుండానే లాంచీ తలబరువైపోతుంది.

ఇది పుస్తకాల లెక్క అనేవాళ్లకు చరిత్రలో సాక్ష్యాలున్నాయి. 1915 జూలై 24న చికాగో నదిలో రేవుకు కట్టేసి ఉన్న ఈస్ట్‌ల్యాండ్ అనే విహార నౌక ఒరిగిపోయి 844 మంది చనిపోయారు. టైటానిక్ మునక తర్వాత వచ్చిన నియమాల ప్రకారం దాని పై డెక్కుల మీద అదనపు లైఫ్‌బోట్లు, తెప్పలు చేర్చారు. మొదటినుంచీ తలబరువున్న ఆ నౌకకు ప్రాణరక్షణ సామగ్రే ప్రాణాంతకమైంది. 1994లో జపాన్‌లో కట్టిన సెవోల్ అనే నౌకను 2012లో కొన్న దక్షిణ కొరియా సంస్థ, వెనక భాగంలో ప్రయాణికుల గదులు పెంచింది. ఈ మార్పు తర్వాత సరుకు 987 టన్నులకు మించకూడదని, అడుగున నీటి బరువు పెంచాలని షరతు పెట్టి అనుమతి ఇచ్చారు. 2014 ఏప్రిల్ 16న అది అనుమతికి రెట్టింపుకు మించిన సరుకుతో, తక్కువ నీటి బరువుతో బయల్దేరింది. 304 మంది పోయారు, ఎక్కువమంది బడిపిల్లలు. మనకు దగ్గరగా, కేరళలోని తానూరులో 2023 మే 7న మునిగి 22 మందిని బలిగొన్న విహార బోటు చేపల పడవను మార్చి తయారుచేసినది. మూడూ వేర్వేరు నీళ్లు, వేర్వేరు కాలాలు. మూడింటిలోనూ పడవ మొదట పుట్టిన పని వేరు, తర్వాత మోసిన బరువు వేరు.

గోదావరి ప్రమాదాలకు ఇది వర్తించదని ఒక గట్టి వాదన ఉంది, దాన్ని తేలిగ్గా తీసేయలేం. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ఠ అనే పర్యాటక బోటు మునిగినప్పుడు నదిలో 5 లక్షల క్యూసెక్కులకు మించిన వరద ఉంది. అంత ప్రవాహంలో, సుడులకు పేరుపడ్డ ఆ మలుపులో బోటును నడపడమే మొదటి తప్పు. పడవలో ఉన్న 77 మందిలో 26 మందే బతికారు, వాళ్లను బయటికి లాగింది చుట్టుపక్కల గిరిజనులు తమ నాటు పడవల్లో వచ్చి. ఇలాంటి వరదలో కొత్త లాంచీ అయినా, పాత లాంచీ అయినా ఒకటే అని వాదించేవాళ్లు నిజం చెబుతున్నారు. కానీ అది సగం నిజం. బోటు మునగడం ఒక ప్రశ్న, మునిగాక మనుషులు బయటపడటం వేరే ప్రశ్న. కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం తాళ్లు, లంగర్లతో ఆ బోటును అక్టోబరు 22న పైకి లాగినప్పుడు లోపల మృతదేహాలు చిక్కుకుని ఉన్నాయి. అంతకుముందు 2018 మేలో దేవీపట్నం మండలం మంటూరు దగ్గర ఈదురుగాలికి మునిగిన లాంచీ కొండ గ్రామాల వాళ్లది. వాన కొడుతోందని తలుపులు, కిటికీలు మూసుకున్నవాళ్లే లోపల ఉండిపోయారు. అదే నెలలో కొద్దిరోజుల ముందు పాపికొండలకు వెళ్తున్న ఇంకో బోటు మంటల్లో కాలిపోయింది, ప్రయాణికులు అదృష్టవశాత్తూ బయటపడ్డారు. గాలికీ వరదకూ నిప్పుకూ సరంగు జవాబు చెప్పాలి, వదిలిన అధికారి చెప్పాలి. మూసిన గదికి మాత్రం దాన్ని కట్టినవాడే జవాబు చెప్పాలి. ఏసీ పెట్టాలంటే అద్దాలు బిగించాలి, సందులు పూడ్చాలి. మంటూరులో వాన కోసం ఒక్కపూట చేసిన పనిని ఏసీ గది శాశ్వతంగా చేస్తుంది.

పర్యాటకులు అడిగేది అదే కదా, ఏసీ లేని, పై డెక్కు లేని లాంచీ ఎవరెక్కుతారు అని యజమానులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. మే నెల ఎండలో ఉక్కు గదిలో కూర్చోమనడం సులువు కాదు, కొండలను చూడటానికి పై డెక్కు కంటే మంచి చోటు లేదు కూడా. అయితే పైకి కట్టాలంటే ముందు పక్కకు కట్టాలి. నీటిగీత దగ్గర రెండు పక్కలా బోలు ఉక్కు పెట్టెలు అతికి వెడల్పు పెంచడం బోటు మరమ్మతుల్లో తెలిసిన పనే. నిలకడకు ఆధారమైన కొలత వెడల్పు ఘనాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి వెడల్పు పది శాతం పెరిగితే అది 33 శాతం పెరుగుతుంది. ఇంత లాభం ఇచ్చే ఖర్చు పడవ మీద ఇంకోటి లేదు. 2017 జనవరి నుంచి కేరళలో వైకం, తవణక్కడవు మధ్య తిరుగుతున్న సౌరవిద్యుత్ ఫెర్రీ ‘ఆదిత్య’ 20 మీటర్ల పొడవుకు 7 మీటర్ల వెడల్పుంటుంది. రెండు సన్నని అడుగుల మీద నిలబడి 75 మందిని మోస్తుంది, నెత్తిన సౌరపలకల బరువున్నా దానికి దిగుల్లేదు. పాత లాంచీ ఆదిత్య కాలేదు, కానీ పక్కలు తెరిచి, ఎత్తి కట్టుకునే గుడ్డ తెరలతో, కప్పు కింద ఎండ తగలని పొరతో చాలావరకు చల్లబడగలదు. ఆ తెర మునిగే నిమిషంలో అడ్డం రాదు. యజమానికి ఇది ఏసీ అంత టికెట్ ధర తెచ్చిపెట్టదు, ఆ నష్టం నిజమే. దాన్ని కొలతలేని పై అంతస్తుతో పూడ్చుకోవడానికి వీల్లేదంతే.

చట్టం లేదా అంటే ఉంది. 1917 నాటి పాత చట్టం స్థానంలో 2021లో కొత్త ఇన్‌ల్యాండ్ వెసల్స్ చట్టం వచ్చి నదీ నౌకల సర్వే, రిజిస్ట్రేషన్‌లను దేశమంతటా ఒక దారికి తెచ్చింది. కచ్చులూరు తర్వాత రాష్ట్ర ప్రభుత్వం బోట్లను వదిలే ముందు తనిఖీ చేసేందుకు కంట్రోల్ రూములూ పెట్టింది. అయితే రేవులో చేసే తనిఖీ లైఫ్ జాకెట్లను లెక్కపెట్టగలదు, గురుత్వ కేంద్రాన్ని చూడలేదు. దాన్ని చూడటానికి ఒరుగు పరీక్ష అనే నమ్మదగిన మార్గం ఉంది. గాలి లేని పూట, నిలకడ నీటిలో లాంచీని వదులుగా కట్టి, తూచిన బరువులను డెక్కు మీద ఒక పక్కనుంచి ఇంకో పక్కకు జరుపుతారు. లోపల వేలాడదీసిన దారం గుండు ఎంత పక్కకు జరిగిందో కొలిచి, లాంచీ నిలకడను లెక్కకడతారు. సముద్ర ప్రయాణికుల నౌకలకు అయిదేళ్లకొకసారి ఖాళీ బరువు సరిచూడాలి, మొదటి లెక్కకు 2 శాతం మించి తేడా వస్తే ఈ పరీక్ష మళ్లీ చేయాలి. గోదావరి లాంచీ అంత దూరం వెళ్లదు నిజమే, అయినా ఏటా సీజను ముందు దానికి జరిగే మార్పులు 2 శాతం దాటడం పెద్ద విషయం కాదు. పైగా నది కూడా మారింది. పోలవరం ఎగువ కాఫర్ డ్యాం వచ్చాక దేవీపట్నం వైపు నీరు వెడల్పుగా, లోతుగా నిలుస్తోంది. ఇసుక తిప్పల మధ్య లోతులేని నీటి కోసం చదునైన అడుగుతో కట్టిన పడవలు ఇప్పుడు గాలికి అలలు లేచే జలాశయంలో తిరగాలి. పాత నీటికి సరిపోయిన నిలకడ ఈ నీటికీ సరిపోతుందని ఎవరూ పరీక్షించకుండా చెప్పలేరు.

ఒరుగు పరీక్ష ఖర్చు ఒక్క యజమాని మీద వేస్తే తప్పించుకునే దారులు వెతుకుతాడు, కాబట్టి ఒక నేవల్ ఆర్కిటెక్ట్‌ను పిలిపించి గండిపోచమ్మ, పోచవరం రేవుల్లోని బోట్లన్నింటికీ సీజను మొదలవకముందే ఒకే వారంలో చేయించడం మేలు. దాని ఫలితంగా ప్రయాణికుడికి కనపడాల్సినవి రెండు. ఒకటి, లాంచీ పక్కన నీరు దాటకూడని గీత. రెండోది, పై డెక్కు మెట్ల దగ్గర తెలుగులో ఒక అంకె. ఇప్పుడు రాసే మొత్తం ప్రయాణికుల సంఖ్య చాలదు. కేరళలోని తేక్కడిలో 2009 సెప్టెంబరు 30న 45 మందిని ముంచిన బోటులో జనం అడవి జంతువులను చూద్దామని ఒక్క పక్కకే చేరారు. కాబట్టి పైన ఒకేసారి ఎందరు ఉండొచ్చో విడిగా రాయాలి, వరద రోజున అది సున్నా అయితే సున్నా అనే రాయాలి. ఆ అంకెను మించి ఎవరైనా మెట్లెక్కితే కిందికి దించే అధికారం సరంగుకు ఉండాలి, ఎక్కింది యజమాని చుట్టమైనా సరే.