రెండు చుక్కల ‘యో’ ఎక్కడుంది?

రష్యన్ రాసే సిరిలిక్ లిపిలో ‘యో’ అనే అక్షరం ఉంది. ఫోన్‌లో రష్యన్ కీబోర్డు పెట్టి వెతికితే నాకు పైకి కనిపించలేదు! ‘యె’ మీద వేలు నొక్కి పట్టుకుంటే, నెత్తిన రెండు చుక్కలతో బయటికొచ్చింది. కంప్యూటర్లో అయితే ఎడమ మూలన, ఎస్కేప్ కీ కింద ఉంటుంది.

యూనికోడ్‌లోనూ అంతే. మిగతా 32 చిన్న అక్షరాలకు 1072 నుంచి 1103 దాకా వరస నంబర్లు. ‘యో’కి మాత్రం 1105. అందుకే ఆ వరసలోనే వెతికే ప్రోగ్రాముకి ఇది దొరకదు.

చాలామంది రష్యన్లు చుక్కలు వదిలేసి ‘యె’ కొట్టేస్తారు. చదవడానికి ఇబ్బంది లేదు. కానీ పాస్‌పోర్టులో ఒకలా, ఆస్తి కాగితాల్లో ఇంకోలా పేరు పడితే చిక్కే. ఆ రెండు పేర్లూ తనవేనని నిరూపించుకోవాలి. మనకు రెండు చుక్కలే తేడా... కంప్యూటర్‌కి మాత్రం అది వేరే అక్షరం, వేరే పేరు!