అడిగితే 3.5 శాతం, లెవీ వేస్తే 46 శాతం

బ్రిటన్‌లో ఒకే అయిదేళ్లలో ఆహార పరిశ్రమ మీద రెండు పద్ధతులు నడిచాయి. బిస్కెట్లు, చాక్లెట్లు, కేకులు, ఐస్‌క్రీములు, కార్న్‌ఫ్లేక్స్ లాంటి వాటిలో 2020 నాటికి చక్కెర 20 శాతం తగ్గించండని ప్రభుత్వం కంపెనీలను అడిగింది. అడగడం వరకే. చట్టం లేదు, జరిమానా లేదు. 2015తో పోలిస్తే 2020 నాటికి తగ్గింది 3.5 శాతం. కూల్‌డ్రింకుల దగ్గర మాత్రం 2018 ఏప్రిల్ నుంచి లెవీ వేసింది. అప్పటి రేట్లు: 100 మిల్లీలీటర్లలో చక్కెర 5 గ్రాములకు చేరితే లీటరుకు 18 పెన్నీలు, 8 గ్రాములకు చేరితే 24 పెన్నీలు. 2016లో ప్రకటన రాగానే కంపెనీలు ఫార్ములాలు మార్చే పనిలో పడ్డాయి. లెవీ పరిధిలోకి వచ్చిన డ్రింకుల్లో చక్కెర సగటున 46 శాతం పడిపోయింది. వాటి అమ్మకాలు మాత్రం తగ్గలేదు, పెరిగాయి.

ఫ్యాక్టరీల్లో పలు దశల్లో తయారయ్యే అల్ట్రా ప్రాసెస్డ్ ఆహారాన్ని తగ్గించే విధానాల మీద కంపెనీలు ఏమంటున్నాయో వినేటప్పుడు ఈ రెండు అంకెలూ గుర్తుంచుకోవాలి. కంపెనీలు అన్నిటికీ అడ్డు చెప్పవు. జనంలో అవగాహన పెంచుదాం అంటే సరే అంటాయి. వ్యాయామం చేయించండి అంటాయి. మాకు మేముగా ఉప్పూ చక్కెరా తగ్గించుకుంటాం అంటాయి. ప్యాకెట్ ముందు హెచ్చరిక గుర్తు, అదనపు పన్ను, పిల్లలకు కనిపించే ప్రకటనల మీద నిషేధం అనగానే అభ్యంతరాలు మొదలవుతాయి.

మన దేశంలో ఈ మార్కెట్ ఎంత పెద్దదో 2024-25 ఆర్థిక సర్వే చెప్పింది. 2006లో 90 కోట్ల డాలర్లున్న అల్ట్రా ప్రాసెస్డ్ ఆహార అమ్మకాలు 2019కి 3,790 కోట్ల డాలర్లయ్యాయి. పదమూడేళ్లలో నలభై రెట్లు! దీని పక్కన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ (ఎన్‌ఐఎన్) 2024లో ఐసీఎంఆర్‌తో కలిసి ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లోని అంకె పెట్టి చూడండి: దేశంలోని రోగభారంలో 56.4 శాతం సరిలేని తిండి వల్లే.

అయినా ప్యాకెట్ ముందు ఏం ముద్రించాలన్నది ఏళ్ల తరబడి తేలలేదు. కొవ్వు, చక్కెర, ఉప్పు ఎక్కువున్న వాటికి ఎర్ర గుర్తు పెట్టాలని ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018లో ముసాయిదా తెచ్చింది. పరిశ్రమ అభ్యంతరం చెప్పింది, ముసాయిదా పక్కకు పోయింది. 2022 సెప్టెంబర్‌లో వచ్చిన కొత్త ముసాయిదాలో ఎర్ర గుర్తు మాయమై నక్షత్రాలొచ్చాయి. అర నక్షత్రం నుంచి అయిదు దాకా రేటింగ్. మొదటి నాలుగేళ్లు ఇష్టమైతేనే వేసుకోవచ్చు. చక్కెర, ఉప్పు, కొవ్వులకు పడే చెడ్డ మార్కుల్లోంచి పీచు, ప్రొటీన్, పప్పుధాన్యాలకు వచ్చే మంచి మార్కులు తీసేస్తారు. అంటే చక్కెర దండిగా ఉన్న బిస్కెట్‌లో కాస్త పీచు కలిపితే రేటింగ్ మెరుగుపడే వీలుంది. ఎంత నాసిరకమైనదానికైనా అర నక్షత్రం ఖాయం. హెచ్చరిక గుర్తుకు ఈ లెక్కలుండవు. చక్కెర ఎక్కువుంటే ఎక్కువని చెబుతుంది. ముసాయిదా మీద పద్నాలుగు వేలకు పైగా అభిప్రాయాలు వచ్చాయి. 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఈ లేబుళ్ల విషయంలో నిపుణుల కమిటీ మూడు నెలల్లో సిఫార్సులివ్వాలని చెప్పి, తర్వాత గడువు పొడిగించింది.

పరిశ్రమ వాదనల్లో బలమున్నవీ ఉన్నాయి. మొదటిది, 100 గ్రాముల్లో ఎంత ఉందో చూసి గుర్తు వేయడం అన్యాయం అన్నది. ఆవకాయ ఎవరూ వంద గ్రాములు తినరు, దాని మీద ఉప్పు హెచ్చరిక పెడితే ఎలా? నా మట్టుకు ఆ హెచ్చరిక నిజమే అనిపిస్తుంది. బీపీ ఉన్న మనిషి ముద్దకింత కలుపుకునేముందు తెలుసుకోవలసిన విషయమే అది. బోర్న్‌విటా దగ్గర ఈ లెక్క ఇంకా బాగా అర్థమవుతుంది. 2023లో అందులోని చక్కెర మీద వివాదం రేగినప్పుడు, 20 గ్రాముల సర్వింగ్‌లో కలిపిన చక్కెర ఏడున్నర గ్రాములేనని కంపెనీ జవాబిచ్చింది. అంకె సరైనదే. కానీ పొద్దున ఒకటి, రాత్రి ఒకటి తాగే పిల్లవాడికి అది పదిహేను గ్రాములవుతుంది. పెద్దవాళ్లకే రోజుకు 25 గ్రాములు మించకపోతే మేలని డబ్ల్యూహెచ్‌ఓ అంటోంది. అదే ఏడాది చివరికి కంపెనీ 100 గ్రాములకు 37.4 గ్రాములున్న చక్కెరను 32.2కు తగ్గించింది. తగ్గించడం సాధ్యమేనన్నమాట.

రెండో వాదన అల్ట్రా ప్రాసెస్డ్ అంటే ఏమిటన్న నిర్వచనం గురించి. బ్రెజిల్ శాస్త్రవేత్త కార్లోస్ మొంటేరో 2009లో ప్రతిపాదించిన, ఆహారాన్ని ప్రాసెసింగ్ స్థాయిని బట్టి విభజించే నోవా వర్గీకరణలో కూల్‌డ్రింకూ, ప్యాకెట్ గోధుమ బ్రెడ్డూ ఒకే గుంపులో పడొచ్చు. ఇది ఆలోచించవలసిన మాటే. చిలీ మాత్రం నోవా జోలికి పోకుండా చక్కెర, సోడియం, సంతృప్త కొవ్వు, కేలరీలకు అంకెలు పెట్టి, 2016 జూన్ నుంచి నల్ల అష్టభుజి గుర్తులు తప్పనిసరి చేసింది. గుర్తు పడిన డ్రింకుల కొనుగోళ్లు నాలుగో వంతు దాకా తగ్గాయి. ఉద్యోగాలు పోతాయన్న భయం నిజం కాలేదు. తర్వాతి ఏడాదిన్నరలో ఉపాధి, జీతాల మీద ప్రభావం కనబడలేదని అక్కడి అధ్యయనం తేల్చింది.

పన్ను విషయంలో మన దగ్గర రెండు దారులు ఒకేసారి నడుస్తున్నాయి. 2025 సెప్టెంబర్ 22 నుంచి చక్కెర కూల్‌డ్రింకుల మీద జీఎస్టీ 40 శాతం. అదే రోజు నుంచి బిస్కెట్లు, చాక్లెట్లు, ఐస్‌క్రీములు 18 నుంచి 5 శాతానికి దిగాయి. ప్యాకెట్ మిక్చర్ 12 నుంచి 5కు వచ్చింది. సామాన్యుడికి ధర తగ్గడం మంచిదే, కానీ చక్కెరను బట్టి పన్ను అన్న ఆలోచన ఇందులో లేదు.

ప్యాకెట్ మీది ఒక్క మాట తీయించడానికి ఎంత పోరాటం కావాలో హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ చూపించారు. డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా ప్రకారం లీటరు ఓఆర్‌ఎస్‌లో గ్లూకోజ్ 13.5 గ్రాములు. ఆ పేరు తగిలించుకుని అమ్ముడైన డ్రింకుల్లో చక్కెర లీటరుకు వంద గ్రాములు దాటింది. ఏళ్లపాటు ఆవిడ పట్టు వదలకపోతే 2025 అక్టోబర్‌లో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అలాంటి డ్రింకుల మీద ఆ మాట వాడొద్దంది. వెంటనే కంపెనీలు ఢిల్లీ హైకోర్టు తలుపు తట్టాయి.

ముందు వైపు గుర్తు వచ్చేదాకా ప్యాకెట్ తిప్పి వెనక పట్టికలో 100 గ్రాముల గడి చూడండి. చిలీ హద్దులు ఇవి: ఘనాహారానికి చక్కెర 10 గ్రాములు, సోడియం 400 మిల్లీగ్రాములు, సంతృప్త కొవ్వు 4 గ్రాములు, 275 కేలరీలు. డ్రింకులకు 100 మిల్లీలీటర్లలో చక్కెర 5 గ్రాములు. ఇవి దాటినది పిల్లల టిఫిన్ డబ్బాలో రోజూ పెట్టకండి.