మంత్రాలయం స్వామి మొదట పాఠం చెప్పిన పంతులు

ఆదోని, ఎమ్మిగనూరు చుట్టుపక్కల పల్లెల నుంచి గురువారం వచ్చిందంటే ఎందరో మంత్రాలయానికి బయలుదేరుతారు. తుంగభద్రలో మునిగి, బృందావనానికి ప్రదక్షిణం చేసి, పరిమళ ప్రసాదం మూట కట్టుకుని ఇంటికి చేరతారు. ఆ ప్రసాదానికి ఉన్న పేరే రాఘవేంద్రస్వామి రాసిన ఒక గ్రంథానికీ ఉన్నదని తెలిసినవారు తక్కువ. మహిమలు చూపిన స్వామిగా ఆయన అందరికీ తెలుసు. తత్వశాస్త్రం చదివి, చెప్పి, రాసిన పంతులుగా తెలిసింది కొందరికే.

స్వామి పూర్వాశ్రమంలో పేరు వేంకటనాథుడు. తమిళదేశంలోని భువనగిరిలో పుట్టి, కుంభకోణం మఠంలో సుధీంద్రతీర్థుల వద్ద ద్వైత వేదాంతం చదివారు. జీవుడు వేరు, దేవుడు వేరు, ఈ లోకం మాయ కాదు, నిజం అన్నది మధ్వాచార్యుల సిద్ధాంతం. రైతు భాషలో చెప్పాలంటే పొలమూ నిజమే, ఎద్దూ నిజమే, ఆకలీ నిజమే. ఆ సిద్ధాంతంపై జయతీర్థులు 'న్యాయసుధ' రాశారు. అది పండితులకే కొరుకుడు పడని గ్రంథం.

మఠం పరంపరలో ఒక కథ చెప్పుకుంటారు. న్యాయసుధలో ఒక చిక్కు పంక్తికి గురువుగారికే అర్థం తేలలేదు. ఆ రాత్రి ఆయన బయటికి వచ్చి చూస్తే కప్పుకోను గుడ్డ కూడా లేక వేంకటనాథుడు నిద్రపోతున్నాడు. పక్కనే ఉన్న తాటాకుల మీద ఆ పంక్తికి వివరణ రాసి ఉంది. గురువు తన శాలువా శిష్యుడికి కప్పి వెళ్లారు. ఆ వ్యాఖ్యానమే 'పరిమళ'. వేంకటనాథుడు పిల్లలకు చదువు చెప్పి రుసుము అడగలేదనీ, ఇంట్లో పస్తులున్న రోజులు కూడా ఉన్నాయనీ అంటారు.

తరువాత పీఠాధిపతి అయి ఊరూరా తిరిగి, చివరకు మన ప్రాంతానికి వచ్చారు. అప్పట్లో బిజాపూరు సుల్తానుల తరఫున ఆదోనిని ఏలినవాడు సిద్ది మసూద్ ఖాన్. తుంగభద్ర ఒడ్డున మంచాల గ్రామాన్ని ఆయనే స్వామికి ఇచ్చాడని ప్రతీతి. 1671లో స్వామి అక్కడే బృందావన ప్రవేశం చేశారు. మంచాలే నేటి మంత్రాలయం. అక్కడి సంస్కృత విద్యాపీఠంలో శాస్త్రపాఠాలు సాగుతూ వచ్చాయి.

ఈ శాస్త్రమే తరువాతి కాలంలో కళాశాల మెట్లెక్కింది. సర్వేపల్లి రాధాకృష్ణన్ 1909లో మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో తత్వశాస్త్రం బోధించడం మొదలుపెట్టారు. 1916లో కొద్దికాలం అనంతపురంలో పనిచేశారు. అప్పటికి ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలో ఉండేది. కర్నూలు జిల్లాలో కలిసింది 1953లో. 1921లో రాధాకృష్ణన్ మైసూరు విడిచి కలకత్తా వెళుతుంటే విద్యార్థులే బండిలాగి రైలు దాకా సాగనంపారు. మఠంలోనైనా కళాశాలలోనైనా తత్వశాస్త్రం పంతులు పని ఒకటే. తాను చదవాలి, శిష్యుడి సందేహం వినాలి, విసుక్కోకుండా మళ్లీ చెప్పాలి.

ఆదోనిలో చెప్పుకునే వెంకన్న కథ కూడా చదువు కథే. అక్షరం రాని ఆ అబ్బాయిని నవాబు ఒక లేఖ చదవమన్నాడట. వెంకన్న స్వామిని తలచుకుని గడగడా చదివాడట. ఆ తరువాత ఆదోనికి దివానయ్యాడట.

2011 జనాభా లెక్కల్లో కర్నూలు జిల్లా అక్షరాస్యత సుమారు 60 శాతం. ఉమ్మడి రాష్ట్ర సగటు 67. పడమటి పల్లెల్లో వాన మొహం చాటేసిన ఏడు ఇంటికి తాళం వేసి గుంటూరు వైపు మిరప కోతలకు సుగ్గికి పోవడం మామూలే. పెద్దల వెంట పిల్లలూ పోతారు. తిరిగి వచ్చేసరికి పాఠాలు ముందుకు వెళ్లిపోయి ఉంటాయి, సిగ్గుపడి బడి మానేస్తారు. వారిలో ఎందరు వేంకటనాథులున్నారో ఎవరు చెప్పగలరు?

వెంకన్న చేత లేఖ చదివించింది స్వామి మహిమ అంటారు. ఇప్పుడు ఆ పని చేయవలసింది బడి. సుగ్గికి పోయే ముందు బిడ్డను అవ్వ దగ్గరో, వలస పిల్లల హాస్టల్లోనో ఉంచి పోతే, చదువు చెప్పి పస్తులున్న ఆ గురువుకు అంతకన్నా పెద్ద మొక్కు ఉండదు.