నిప్పురవ్వ ఎక్కడ తప్పిపోయింది?

రాజాంలో మా బావగారి పెరట్లో, రేకుల షెడ్డు కింద, తెల్లటి అంబాసిడర్ కారొకటి ఉంది. 1984లో కొన్నారు. అప్పుడు రాజాం శ్రీకాకుళం జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలను తిరిగి విడగొట్టినప్పుడు విజయనగరం జిల్లాలోకి వచ్చింది. "ఊరు జిల్లా మారింది గాని మా కారు షెడ్డు మారలేదు" అని బావగారు వేళాకోళం చేస్తూండేవారు. కిందటి వర్షాకాలం నుంచీ ఆ వేళాకోళంలో పస తగ్గింది. కారు నిజంగానే కదలడం మానేసింది.

నేను వెళ్లేసరికి ఇంట్లో పంచాయితీ నడుస్తోంది. పాత ఇనుము కొనే ఆసామీ వచ్చి, తూకం లెక్కన ధర చెప్పి, మర్నాడు పొద్దున్నే లారీ తెస్తానని వెళ్లాడట. బావగారు సరే అనేశారు. అప్ప మాత్రం వంటింట్లోంచి ఇవతలికి రావటం లేదు. పెద్దవాడు పుట్టేటప్పుడు అర్ధరాత్రివేళ ఆమెను శ్రీకాకుళం ఆసుపత్రికి చేర్చిందీ, పోయేముందు మామగారికి ఊరంతా ఒక్కసారి చూపించి తెచ్చిందీ ఆ కారే మరి. "మనిషికి జబ్బు చేస్తే రోగమేమిటో తెలుసుకోకుండానే వదిలేస్తామా?" అని ఒక్క మాట అని ఊరుకుంది.

బావగారి పక్షానా న్యాయం లేకపోలేదు. అప్పటికే కొత్త బ్యాటరీ వేయించారు. పాయింట్లు మార్పించారు. కండెన్సరు, కాయిలు, నాలుగు ప్లగ్గులు కొత్తవి తెప్పించారు. సెల్ఫ్ కొడితే ఇంజను చక్కగా తిరుగుతుంది, పెట్రోలు వాసనా వస్తుంది, కాని అంటుకోదు. ప్లగ్గు దగ్గర స్పార్కు లేదు. "ఇంక మార్చటానికి మిగిలింది నేనొక్కణ్ణే" అన్నారు విసుగ్గా.

పన్నెండు వోల్టులు వేలెలా అవుతాయి?

అసలు ఈ స్పార్కు ఎక్కడ పుడుతుందో తెలిస్తే, అది ఎక్కడ చచ్చిందో వెతకటం సులువు. బ్యాటరీలో ఉన్నది 12 వోల్టులే. ఇంజనులో ఒత్తిడికి గురై ఉన్న పెట్రోలు ఆవిరిని అంటించాలంటే ప్లగ్గు మొనల సందులోంచి నిప్పురవ్వ దూకాలి. దానికి వేల వోల్టులు కావాలి. ఈ పెంపకం చేసేది కాయిలు. అందులో ఇనుప కడ్డీచుట్టూ లావు తీగ కొన్ని వందల చుట్లు, సన్నతీగ కొన్ని వేల చుట్లు ఉంటాయి. లావు తీగలో కరెంటు పారుతున్నంతసేపూ ఏమీ జరగదు. దాన్ని ఠక్కున ఆపినప్పుడే సన్నతీగలో వేల వోల్టులు ఎగిసిపడతాయి. 1831లో మైకేల్ ఫారడే కనిపెట్టిన సూత్రమే ఇది.

అంటే స్పార్కు పుట్టేది కరెంటు వచ్చినప్పుడు కాదు, తెగినప్పుడు! ఈ మాట ఒక్కటి గుర్తుంచుకుంటే చాలు. ఆ తెంచే పని పాయింట్లది. ఇంజనుతోపాటు తిరిగే ఇరుసు మీది మిట్టలు పాయింట్ల చేతిని ఎత్తుతూ దించుతూ ఉంటాయి. ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరిగితే, నాలుగు సిలిండర్ల కారులో పాయింట్లు నిమిషానికి 6000 సార్లు, అంటే సెకనుకు నూరుసార్లు తెరుచుకోవాలి. తెరుచుకున్నప్పుడు వాటిమధ్య సందు ఎంతనుకున్నారు? అంగుళంలో వెయ్యోవంతులు పదిహేను! పాయింట్ల మధ్యే రవ్వలు లేచి కరెంటు పాకకుండా పక్కనున్న కండెన్సరు అడ్డుకుంటుంది. కాయిల్లో పుట్టిన వేల వోల్టులను రోటరు అందుకుని, వరుసప్రకారం ఒక్కొక్క ప్లగ్గుకూ పంచుతుంది.

పాయింట్లూ రోటరూ ఉండే ఆ డబ్బాను మన మెకానిక్కులు 'డెల్కో' అంటారు. అది ఒక కంపెనీ పేరు. ఈ పద్ధతిని కార్లకు అమర్చిన అమెరికా ఇంజనీరు చార్లెస్ కెటరింగ్ 1909లో డేటన్ పట్టణంలో భాగస్వామితో కలిసి పెట్టిన సంస్థ అది. ఆ ఇంగ్లీషు పేరులోని ముక్కలు కలిపితే డెల్కో అయింది. డేటన్ ఎక్కడ, రాజాం ఎక్కడ! పేరు మాత్రం పాలకొండ రోడ్డు షెడ్లదాకా నడిచివచ్చింది.

బల్బు చెప్పిన సాక్ష్యం

ఆ పాలకొండ రోడ్డులోనే ఒకప్పుడు షెడ్డు నడిపి, ఇప్పుడు కొడుక్కి అప్పగించి విశ్రాంతిగా ఉన్న ముసలి మేస్త్రి ఒకాయన ఉన్నాడు. సాయంత్రం వెళ్లి బతిమాలి తీసుకువచ్చాను. సంచీలో పెద్ద సామాను లేదు. రెండు తీగలు కట్టిన చిన్న బల్బు, ఒక స్క్రూడ్రైవరు, ప్లాస్టిక్ పిడి కటింగ్ ప్లయరు, ఒక టార్చి. అంతే.

"ఎన్ని సామాన్లు మార్సినారు బాబూ?" అని అడిగాడు. బావగారు లెక్క చెప్పారు. "మార్సడం సులువే బాబూ. అడగడమే ఎవుడూ అడగనేదు" అన్నాడు ముసలాయన. ఇక కారునే ఒక్కొక్క ప్రశ్న అడగటం మొదలుపెట్టాడు.

ముందు గేరు న్యూట్రల్‌లో ఉందా, హ్యాండ్ బ్రేకు వేసి ఉందా చూశాడు. కాయిల్లోంచి డెల్కో నడిమికి వచ్చే లావు వైరును ఊడదీసి, దాని కొసను ఇంజను ఇనుముకు అయిదారు మిల్లీమీటర్ల దూరంలో ప్లయరుతో పట్టుకుని, మా మేనల్లుణ్ణి సెల్ఫ్ కొట్టమన్నాడు. అక్కడ నీలిరంగు రవ్వ దూకితే కాయిలు, పాయింట్లు బాగున్నట్టే. అప్పుడు దోషం రోటరులోనో, డెల్కో మూతలోనో, ప్లగ్గు వైర్లలోనో వెతకాలి. వానాకాలంలో మూతలోపల చెమ్మ పట్టినా ఇదే జరుగుతుంది, పొడిగుడ్డతో తుడిస్తే చాలు. మాకు రవ్వ దూకలేదు. అంటే దోషం ఇంకా వెనక ఉంది.

రెండో ప్రశ్న: కాయిలుదాకా కరెంటు వస్తోందా? తాళం తిప్పి, బల్బు తీగ ఒకటి ఇంజను ఇనుముకు, రెండోది తాళంవైపునుంచి వచ్చే కాయిలు కొసకు తగిలించాడు. వెలిగింది. బ్యాటరీ, తాళం, దారి సవ్యమే.

మూడో ప్రశ్నే ముఖ్యమైనది. బల్బును కాయిలు రెండో కొసకు, అంటే డెల్కోవైపు కొసకు మార్చి మళ్లీ సెల్ఫ్ కొట్టమన్నాడు. పాయింట్లు మూసుకుంటే బల్బు ఆరాలి, తెరుచుకుంటే వెలగాలి. మిణుకు మిణుకుమంటే పాయింట్లు పనిచేస్తున్నట్టు. అప్పుడు కండెన్సరును, ఆ తరవాత కాయిలును అనుమానించాలి. ఎప్పుడూ వెలుగుతూనే ఉంటే పాయింట్లు మూసుకోవటం లేదనీ, లేదా మసి పట్టాయనీ, లోపలి తీగ తెగిందనీ అర్థం. మా బల్బు ఈ రెండూ చేయలేదు. అసలు వెలగనే లేదు!

ముసలాయన నవ్వాడు. డెల్కోకు వెళ్లే సన్నవైరును కాయిలునుంచి విడదీశాడు. ఠక్కున బల్బు వెలిగింది. "సూసినారా, కాయిలు మంచిదే. డెల్కోలోన కరెంటు ఎప్పుడూ ఎర్తయిపోతన్నాది. పాయింట్లు తెరిసినా తెగడం నేదు" అన్నాడు. తెగనప్పుడు స్పార్కు ఎలా పుడుతుంది?

మూత తీసి టార్చి వేసి చూస్తే, పాయింట్ల చేతికింద ఉండవలసిన సన్నటి ఫైబరు వాషరు లేదు. చేయి నేరుగా ఇనుప పళ్లేన్ని తాకుతోంది. కొత్త పాయింట్లు బిగించిన కుర్రవాడు దాన్ని మరిచిపోయాడు. ఈనాటి కార్లలో పాయింట్లే ఉండవు, అతను మాత్రం ఎక్కడ చూస్తాడు? వర్షాకాలంలో మొదట కారు ఆగింది పాత పాయింట్లకు మసి పట్టి కావచ్చు. ఆ తరవాత కొన్న సామానంతా ఈ వాషరు లేని లోటు తీర్చటానికి చేసిన దండుగ ఖర్చే.

"రాజాంలో ఉండి నాకీ సంగతి తట్టకపోవటం సిగ్గుచేటు" అన్నారు బావగారు. 1757 జనవరి 24న బొబ్బిలి కోట దగ్గర యుద్ధం జరిగినప్పుడు తాండ్ర పాపారాయుడు రాజాంలోనే ఉన్నాడనీ, వార్త వేళకు అందక ఆలస్యమైపోయిందనీ ఇక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసు. లోపం వీరుడిలో లేదు, వార్త నడిచే దారిలో ఉంది.

మీ ఇంటి కారుకు

అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. అయినా పాయింట్లున్న పాత అంబాసిడర్లు, ఫియట్లు ఇంకా కొందరి ఇళ్లలో ఉన్నాయి. వారికి రెండు మూడు హెచ్చరికలు. లావు వైరును వట్టి చేత్తో పట్టుకోకండి, దెబ్బ గట్టిగా తగులుతుంది. పెట్రోలు కారుతూంటే స్పార్కు పరీక్ష జోలికే పోకండి. ఇంజను ఆగివుండగా తాళం తెరిచి వదిలేయకండి, పాయింట్లు మూసి ఉంటే కాయిలు కాగి పాడవుతుంది. అన్నిటికీ మించి, బ్యాటరీనుంచి ప్లగ్గుదాకా వరుసగా అడుగుతూ వెళ్లండి. జవాబు రాకముందే దేన్నీ మార్చకండి.

ఇక మా సంగతి. పాత పాయింట్ల పొట్లాన్ని అప్ప పారేయలేదు. అల్మారాలోంచి తెచ్చి విప్పితే, చిన్నవేలి గోరంత వాషరు అందులోనే ఉంది. మేస్త్రి దాన్ని వేసి, పాయింట్ల సందు సరిచేసి, మూత బిగించాడు. మేనల్లుడు సెల్ఫ్ కొట్టాడు. ఇంజను రెండుసార్లు దగ్గి, అంటుకుంది. వంటింటి గుమ్మంలో నిలబడ్డ అప్ప ఏమీ అనలేదు. లోపలికి వెళ్లి మేస్త్రికి కాఫీ తెచ్చింది.

మర్నాడు పొద్దున్న ఇనుము కొనే ఆసామీ లారీతో వచ్చేసరికి షెడ్డు ఖాళీగా ఉంది. మేమందరం అప్పటికి బొబ్బిలి రోడ్డుమీద ఉన్నాం.