ఉభయచర వాహనాలలో ఇంజను రొద: మూలాల గుర్తింపు, నివారణ క్రమం

గట్టి నేల, ఊబి, లోతులేని నీరు అనే భేదం లేకుండా ఒకే వాహనం సాగిపోవాలన్న అవసరం నుండి చిన్న ఉభయచర వాహనాలు రూపొందాయి. కెనడాలోని ఒంటారియో ప్రావిన్సులో 1967 నుండి తయారవుతున్న ఆర్గో వాహనాలు ఈ తరగతికి ప్రసిద్ధమైన ఉదాహరణ. ఆరు లేక ఎనిమిది చక్రాలు, అతి తక్కువ గాలి పీడనంతో పనిచేసే వెడల్పాటి టైర్లు, పెద్ద తొట్టిని పోలిన పాలిథిలీన్ దేహం, చక్రాలన్నింటికీ గొలుసుల ద్వారా శక్తిని అందించే అమరిక వీటి ముఖ్య లక్షణాలు. మలుపు తిరగడానికి ముందు చక్రాలు వంగవు. ఒక పక్క చక్రాల వేగం తగ్గించడం ద్వారానే వాహనం ఆ పక్కకు తిరుగుతుంది. నీటిలో టైర్ల గాళ్లే తెడ్లుగా పనిచేస్తాయి. అందువల్ల నీటిపై దీని వేగం మనిషి నడకకు కొంచెం అటూ ఇటూగా ఉంటుంది.

రొద సమస్యకు మూలం ఈ నిర్మాణంలోనే ఉంది. వాహనం మెల్లగా కదులుతుంది. ఇంజను మాత్రం పూర్తి వేగంతో తిరుగుతుంది. రహదారి వాహనంలో గాలి హోరు, టైర్ల చప్పుడు ఇంజను ధ్వనిని కొంతవరకు కప్పివేస్తాయి. ఇక్కడ అటువంటి కప్పు లేదు. పైగా ఇంజను, మనుషులు ఒకే తొట్టిలో, ఒకరికొకరు చేతికందే దూరంలో ఉంటారు. ఒడ్డున ఉన్నవారు కేక వేసి హెచ్చరించినా నడిపేవారికి వినబడదు.

వ్యవసాయ పరిశోధకులకు ఈ విషయం దూరమైనదిగా తోచవచ్చు. కాని చిన్న ఇంజను, నీరు, బురద, ఇంజనుకు దగ్గరగా మనిషి అనే నాలుగు అంశాలూ మన డెల్టా మాగాణిలో దమ్ము చేసే పవర్ టిల్లర్‌కు కూడా వర్తిస్తాయి. పరిష్కారాలు మాత్రం రెండింటికీ ఒకటి కావు. ఆ తేడాను అర్థం చేసుకోవడానికే ఉభయచర వాహనాన్ని ఇక్కడ సవివరంగా పరిశీలిస్తున్నాము.

డెసిబెల్ లెక్క

రొద తగ్గించాలనుకున్నవారు సాధారణంగా ముందుగా స్పాంజి పలకలు కొని దేహం లోపల అతికిస్తారు. ఫలితం దాదాపు శూన్యం. కారణం డెసిబెల్ అనే కొలమానపు స్వభావంలో ఉంది. ఇది సంవర్గమాన కొలమానం. 90 డెసిబెల్‌ల యంత్రాలు రెండు కలిస్తే 180 కాదు, 93 అవుతుంది.

ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకుందాం. నడిపేవారి చెవి వద్ద పొగగొట్టం నుండి 95, శీతలీకరణ పంకా నుండి 88, దేహపు పలకల కంపనం నుండి 85 డెసిబెల్‌లు చేరుతున్నాయనుకుంటే మొత్తం రమారమి 96 అవుతుంది. పలకల ధ్వనిని పూర్తిగా తొలగించినా మొత్తంలో తగ్గేది అర డెసిబెల్ లోపే. చెవికి ఆ తేడా తెలియదు. అదే పొగగొట్టపు ధ్వనిని 85కు దించితే మొత్తం 91కి వస్తుంది. ఇప్పుడు పంకా ప్రధాన మూలమవుతుంది. దానిని 83కు తగ్గిస్తే మొత్తం 89కి చేరుతుంది. పలకల మీద పెట్టే ఖర్చుకు అర్థం ఏర్పడేది ఆ తరువాతే. అన్నింటికంటే పెద్ద మూలాన్ని ముందుగా పట్టుకోకుండా చేసే ఏ పనీ ఫలించదు.

మూలాలను విడదీయడానికి ఖరీదైన ప్రయోగశాల అవసరం లేదు. వాహనాన్ని ఆరుబయట నిలిపి, పొగగొట్టం చివర తగినంత వెడల్పు గల పొడవాటి లోహపు గొట్టాన్ని తాత్కాలికంగా బిగించి, వాయువులను దూరంగా వదలాలి. అదే ఇంజను వేగం వద్ద చెవి స్థానంలో మళ్లీ కొలవాలి. తగ్గినంత మేర పొగగొట్టం వాటా. గాలి పీల్చుకునే మార్గానికి కూడా ఇదే పద్ధతి వర్తిస్తుంది. దేహపు పలకల మీద ఇసుక సంచులు పేర్చి కొలిస్తే కంపనం వాటా తెలుస్తుంది.

పొగగొట్టం

నాలుగు స్ట్రోకుల ఇంజనులో ప్రతి సిలిండరూ రెండు భ్రమణాలకు ఒకసారి మండుతుంది. రెండు సిలిండర్ల ఇంజను నిమిషానికి 3,600 భ్రమణాలు చేస్తే సెకనుకు 60 సార్లు వాయువులు విస్ఫోటంతో వెలువడతాయి. అంటే ధ్వని మూల పౌనఃపున్యం 60 హెర్ట్జ్. దాని గుణిజాలు కూడా వెంట ఉంటాయి. ఇంత తక్కువ పౌనఃపున్యపు ధ్వనిని అణచడానికి సైలెన్సర్‌కు ఘనపరిమాణం కావాలి. ఇంజను సామర్థ్యానికి ఎన్నో రెట్లు పెద్దదైన గది ఉంటేనే సన్నని గొట్టం నుండి వచ్చిన పీడన తరంగం విస్తరించి, పరావర్తనం చెంది బలహీనపడుతుంది. తొట్టిలో అంత చోటు ఉండదు కాబట్టి తయారీదారులు చిన్న సైలెన్సర్‌తో సరిపెడతారు.

రెండవ సైలెన్సర్‌ను వరుసలో చేర్చడం మేలైన మార్గమే. అయితే మూడు జాగ్రత్తలు తప్పనిసరి. ఒకటి, దాని బరువు ఇంజనుతో పాటు కదిలేలా అమర్చాలి, లేదా మధ్యలో మడతల లోహపు గొట్టం పెట్టాలి. ఇంజనుకు, దేహానికి మధ్య బిగుసుకున్న గొట్టం కొద్ది కాలానికే బీటలు వారుతుంది, కంపనాన్ని కూడా దేహానికి చేరవేస్తుంది. రెండు, పాలిథిలీన్ సుమారు 130 డిగ్రీల సెల్సియస్ వద్ద కరిగిపోతుంది; పొగగొట్టపు వేడి అంతకు అనేక రెట్లు. మధ్యలో గాలి ఆడే ఖాళీతో లోహపు కవచం ఉండాలి. మూడు, కొత్త అతుకుల నుండి వాయువు కారితే తొట్టిలో కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది. దానికి వాసన లేదు. ఈ మూడవది తక్కిన రెండింటి కంటే ముఖ్యమైనది.

గొట్టం చివర నీటి మట్టానికి ఎగువన ఉండాలన్నది వేరే చెప్పనక్కరలేదు. అది మనుషులకు ఎదురుగా కాక వెలుపలికి తిరిగి ఉండటం కూడా అంతే అవసరం. సైలెన్సర్‌లో ఎదురు పీడనం హద్దు మీరితే శక్తి తగ్గి, కవాటాలు వేడెక్కుతాయి. కాబట్టి కొలతలు చూడకుండా ఏదో ఒక సైలెన్సర్‌ను బిగించడం సరికాదు.

గాలి దారి: అసలు చిక్కు

చాలా నమూనాలలో వాడేది గాలితో చల్లబడే ఇంజను. రొద బయటకు వచ్చే సందులే చల్లగాలి లోపలికి వెళ్లే దారులు. ధ్వనిని ఆపాలని వాటిని మూస్తే ఇంజను వేడెక్కి పాడవుతుంది. తెరిచి ఉంచితే ధ్వని వెలువడుతుంది. గోడ ఎంత దళసరిదైనా, ఉపరితలంలో పదో వంతు తెరిచి ఉంటే ధ్వని శక్తిలో పదో వంతు ఎటూ వెలువడుతుంది. అంటే 10 డెసిబెల్‌లకు మించి తగ్గదు. నూరో వంతు తెరిచి ఉంటే ఆ హద్దు 20. గోడను మరింత మందం చేయడం వల్ల ఈ హద్దు మారదు. ఇంజను పెట్టె రూపకల్పనలో విద్యార్థులు తరచుగా విస్మరించే అంశం ఇదే.

దీనికి పరిష్కారం రంధ్రాన్ని చిన్నది చేయడం కాదు, దారిని వంచడం. గాలి వచ్చే మార్గాన్ని ఒకటి రెండు మలుపులతో, లోపల ధ్వనిని పీల్చే పొరతో నిర్మించాలి. బయట నుండి చూస్తే ఇంజను కనబడకూడదు. గాలి మలుపు తిరుగుతుంది. అధిక పౌనఃపున్యపు ధ్వని మాత్రం మలుపు వద్ద పొరకు తగిలి క్షీణిస్తుంది. మార్గపు వైశాల్యం ఎక్కడా మొదటి రంధ్రం కంటే తగ్గకూడదు. వేడిగాలి తిరిగి పంకా వైపు చేరకుండా అడ్డుగోడ గట్టిగా ఉండాలి. మార్పుకు ముందు, తరువాత సిలిండర్ హెడ్ ఉష్ణోగ్రతను అదే భారంతో కొలవకుండా ఏ పెట్టెనూ వినియోగదారునికి సిఫార్సు చేయరాదని నా అభిప్రాయం.

పొర విషయంలోనూ పరిమితులున్నాయి. 25 మిల్లీమీటర్ల స్పాంజి సుమారు 1,000 హెర్ట్జ్ పైన బాగా పనిచేస్తుంది. 100 హెర్ట్జ్ ధ్వని తరంగదైర్ఘ్యం గాలిలో 3.4 మీటర్లు, ఆ పలుచని పొర దానికి ఉన్నా లేనట్లే. అందుకే స్పాంజి పంకా ఈలను తగ్గిస్తుంది కాని పొగగొట్టపు గుమగుమను తగ్గించలేదు. అంతకంటే ముఖ్యం, తొట్టి అడుగున నీరు చేరడం ఈ వాహనాలలో మామూలే. తెరిచిన రంధ్రాల స్పాంజి ఆ నీటిని, బురదను, నూనెను పీల్చుకుంటుంది. తడిసిన స్పాంజి ధ్వనిని పీల్చదు, బరువు పెంచుతుంది. నూనె పీల్చినది అగ్ని ప్రమాదానికి కారణమవుతుంది. పైన అల్యూమినియం రేకు పొర గల, మంటను తట్టుకునే రకాన్ని, నీరు నిలిచే మట్టానికి పైన మాత్రమే వాడాలి. పాలిథిలీన్‌కు జిగురు పట్టదు. మరలతో బిగించాలంటే నీటి మట్టానికి దిగువన రంధ్రాలు చేయరాదు. ఇన్ని నిబంధనల నడుమ స్పాంజికి మిగిలే చోటు కొంచెమే.

పంకా ధ్వని శక్తి దాని అంచు వేగపు ఐదవ ఘాతానికి దాదాపు అనులోమానుపాతంలో ఉంటుంది. వేగం 20 శాతం తగ్గితే సుమారు 5 డెసిబెల్‌లు తగ్గుతాయి. గాలితో చల్లబడే ఇంజనులో పంకా ఇంజనుతో పాటే తిరుగుతుంది కనుక ఆ అవకాశం లేదు. ద్రవంతో చల్లబడే ఇంజనులో పెద్ద పంకాను నెమ్మదిగా తిప్పవచ్చు, రేడియేటర్‌ను అనువైన చోట పెట్టవచ్చు. కొత్త వాహనాన్ని ఎంచుకునేవారికి ఇదే పెద్ద మేలు.

కంపనం

తొట్టి వంటి దేహం మృదంగపు మూత వలె ప్రవర్తిస్తుంది. ఇంజను కంపనం దానికి చేరకుండా రబ్బరు దిమ్మెలు వాడతారు. దిమ్మె సహజ పౌనఃపున్యానికి 1.4 రెట్ల కంటే ఇంజను పౌనఃపున్యం ఎక్కువైనప్పుడే రబ్బరు అడ్డుకోవడం మొదలవుతుంది. అంతకు దిగువన కంపనాన్ని పెంచుతుంది. ఇంజను బరువుకు దిమ్మె 5 మిల్లీమీటర్లు కుంగితే సహజ పౌనఃపున్యం 7 హెర్ట్జ్ ఉంటుంది. నిమిషానికి 1,200 భ్రమణాల ఖాళీ వేగంలో, అంటే సెకనుకు 20 వద్ద, ఇది చక్కగా పనిచేస్తుంది. కాని ఇంజను నుండి శక్తి బెల్టు ద్వారా గేర్ పెట్టెకు వెళ్లే అమరికలో మెత్తని దిమ్మె మీద ఇంజను పక్కకు లాగబడి బెల్టు వరుస తప్పుతుంది. ఇంజనును, గేర్ పెట్టెను ఒకే చట్రంపై బిగించి, ఆ చట్రం కింద దిమ్మెలు పెట్టడం దీనికి మెరుగైన నిర్మాణం.

కొలత, చెవి రక్షణ

ఎ-భారిత కొలతలో మీటరు 63 హెర్ట్జ్ ధ్వనిని 26 డెసిబెల్‌లు తగ్గించి చూపుతుంది. మీటరు ఎంత తక్కువ చూపినా ఒళ్లు అదురుతున్నదని నడిపేవారు చెబితే ఆ మాటను తోసిపుచ్చకూడదు. వ్యవసాయ యంత్రాలు నడిపేవారి స్థానంలో కొలతకు ఐ.ఎస్.ఓ. 5131 ప్రమాణం ఉంది. దానిని అనుసరిస్తే వేర్వేరు కేంద్రాల ఫలితాలను పోల్చవచ్చు.

అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ సిఫార్సు ప్రకారం రోజుకు ఎనిమిది గంటలకు 85 డెసిబెల్‌లు హద్దు. 3 పెరిగిన ప్రతిసారీ సమయం సగానికి తగ్గాలి. ఆ లెక్కన 94 వద్ద ఒక గంటే. వినికిడి లోపం సాధారణంగా 4,000 హెర్ట్జ్ పరిసరాలలో మొదలవుతుంది కనుక తొలి దశలో మామూలు సంభాషణకు పెద్దగా అడ్డు రాదు. రైతు గుర్తించే నాటికి నష్టం జరిగిపోయి ఉంటుంది. అది తిరిగి రాదు.

ఇక పవర్ టిల్లర్. దాని ఒంటి సిలిండర్ డీజిల్ ఇంజను నిమిషానికి 2,000 భ్రమణాల వద్ద సెకనుకు పదిహేడు సార్లు మాత్రమే మండుతుంది. కాబట్టి సైలెన్సర్‌కు పని మరింత కష్టం. డీజిల్ దహనపు తాకిడి ఇంజను గోడల నుండే నేరుగా వెలువడుతుంది కనుక సైలెన్సర్ ఎంత మంచిదైనా కొంత రొద మిగులుతుంది. ఇంజను తెరిచి ఉండటం వల్ల శీతలీకరణకు, స్పాంజికి సంబంధించిన పై చిక్కులేవీ లేవు. అయితే చుట్టూ పెట్టె కట్టే వీలూ లేదు. కంపనం పిడుల ద్వారా నేరుగా చేతులకు చేరుతుంది. శక్తి పెరుగుతుందన్న నమ్మకంతో కొందరు తుప్పు పట్టిన సైలెన్సర్‌ను తీసివేసి ఉత్త గొట్టంతో దమ్ము చేస్తారు. విస్తరణ శాస్త్రవేత్తలు గ్రామానికి వెళ్లినప్పుడు ముందుగా చూడవలసింది ఆ గొట్టాన్నే. అసలు సైలెన్సర్‌ను తిరిగి బిగించి, నడిపేవారి చెవి వద్ద ముందు, తరువాత కొలిచి, ఆ రెండు అంకెలను రైతు ఎదుటే చూపాలి. తరువాత చెవి బిరడాలు ఇచ్చి, వాటిని చెవిలో సరిగా అమర్చే విధానాన్ని చేసి చూపించాలి.